చిన్నవ్వతో పలావు దేశానికి

మొన్న మా తమ్ముడి కూతురు సర్జాపుర రోడ్డులోని మా ఇంటికి వచ్చింది. పెళ్ళయ్యాక భర్తతో కలిసి ఏ దీవులకు వెళ్తే బాగుంటుందో తేల్చుకోలేక, ఫోనులో బొమ్మ తర్వాత బొమ్మ జరుపుతూ నాకు చూపిస్తూ కూర్చుంది. అన్నిట్లోనూ అదే తెల్లటి ఇసుక, నీళ్ళ మీదికి వంగిన అదే కొబ్బరిచెట్టు. ఒక బొమ్మ దగ్గర మాత్రం తెలియకుండానే దాని చెయ్యి పట్టుకుని ఆపాను. చుట్టూ వలయంలా పగడపు దిబ్బ, అంచున సన్నటి నేల, మధ్యలో కదలని నీళ్ళు. "ఇక్కడికి నేను వెళ్ళొచ్చాను" అన్నాను. "అత్తా, ఇది పసిఫిక్ మధ్యలో ఉంది! ఎప్పుడెళ్ళావ్, ఎవరితో?" అంది. "మా చిన్నవ్వతో" అన్నాను. అది పడీ పడీ నవ్వింది. నవ్వదూ మరి! ఆ దీవులకు కొత్త జంటలు వెళ్తారు, నీళ్ళలో మునిగి చేపల్ని చూసే తెల్లవాళ్ళు వెళ్తారు. వక్కాకు నమిలే డెబ్బయి దాటిన ముసలావిడ వెళ్తుందని ఎవరనుకుంటారు? ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా చాలాసేపు నా మనసు చిన్నప్పటి మా కాటన్‌పేట ఇంట్లోనే ఉండిపోయింది.

కాటన్‌పేటలో మాది నూలు వ్యాపారం. కింద అంగడి, వెనక గోడౌను, పైన ఇల్లు. వానాకాలంలో తడిసిన గోనెపట్టా వాసన, గంజి పెట్టిన కొత్త నూలు వాసన మెట్లెక్కి పైకొచ్చి, వంటింట్లోని కాఫీ డికాక్షన్‌తోనూ ఇంగువ తిరగమోతతోనూ కలిసిపోయేవి. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త బట్ట వాసన తగిలితే నాకు కాఫీ తాగాలనిపిస్తుంది. పైన ఇంట్లో ఇద్దరు పెద్దాడవాళ్ళు ఉండేవారు. ఒకరు మా నాయనను కన్న అవ్వ. రెండోవారు చిన్నవ్వ, అంటే మా తాత తమ్ముడి భార్య సుబ్బరత్నమ్మ. అవ్వది పెద్ద గొంతు. ఇంటి తాళాలు, బియ్యం కొలతలు, పండగలు, పంచాయితీలు అన్నీ ఆమెవే. చిన్నవ్వ మాట తక్కువ మనిషి. తెల్లారకముందే తలస్నానం చేసి, ఇంత పసుపు రాసుకుని, గూట్లో నిలబెట్టిన చిన్న అద్దంలో చూసుకుంటూ నిదానంగా కుంకుమ దిద్దుకునేది. మధ్యాహ్నం సంగటి తిన్నాక వక్కాకు వేసుకుని, దొడ్డబళ్ళాపురం నేతవాళ్ళకు పంపాల్సిన రంగునూలు కట్టలను ఒళ్ళో వేసుకుని ఛాయలు విడదీసేది. చిలకాకుపచ్చ ఇటు, నెమలిపింఛం అటు, ఆనంద నీలం మరో పక్క. నేను బళ్ళో నేర్చుకున్న రంగుల పేర్లకన్నా ఆమె ఒళ్ళో నేర్చుకున్నవే ఎక్కువ.

చిన్నవ్వ మొగుణ్ణి నేను చూడలేదు. మా నాయన కూడా సరిగ్గా చూడలేదు. అన్నతో అంగడిలో ఏదో మాటామాటా వచ్చి, పెళ్ళయిన కొత్తల్లోనే ఆయన సైన్యంలో సామాన్ల స్టోరులో పనికి చేరాడట. యుద్ధంలో సింగపూరు పడిపోయినప్పుడు జపానువాళ్ళకు చిక్కాడు. యుద్ధమయ్యాక ఆయనతో పాటు పట్టుబడిన దొడ్డబళ్ళాపురం మనిషి ఒకాయన ప్రాణాలతో తిరిగొచ్చి, మా అంగడి మెట్ల మీద కూర్చుని చెప్పిపోయిన కబురే ఆఖరిది. తమను ఓడలో పలావు అనే దేశానికి తీసుకుపోయారని, అక్కడి పెద్ద దీవిలో రోడ్లు, సొరంగాలు తవ్వించారని, కొందరిని మాత్రం ఉత్తరాన ఎక్కడో చిన్న దిబ్బకు ఉప్పు కాచడానికి పంపారని చెప్పాడు. "మీవాడు ఆ గుంపులో పోయినాడమ్మా. పోయేటప్పుడు బాగనే ఉండె" అన్నాడట. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. జాడ తెలియలేదన్న మాట తప్ప సర్కారు కూడా ఏమీ చెప్పలేదు. పిల్లలం మాత్రం ఇంట్లో బఠానీ పలావు చేసిన రోజున "ఇది చిన్నతాత ఊరి అన్నం" అని గోల చేసేవాళ్ళం. అమ్మ కసిరేది. చిన్నవ్వ అడ్డుపడేది. "అననీలేమ్మా. అట్లన్నా ఆయప్ప పేరు ఇంట్లో పలుకుతాండారు" అనేది.

చనిపోయాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె ముత్తైదువే. తిరిగి రాలేదు కాబట్టి ఆ మాట ఎవరూ గట్టిగా అనలేకపోయేవారు. శ్రావణమాసంలో పేరంటాలప్పుడు వీధిలో కొందరు ఆమెను పిలిచేవారు, కొందరు అవ్వను మాత్రమే పిలిచేవారు. పిలిచినచోట కూడా కుంకుమ భరిణె ఆమె ముందుకు వచ్చేసరికి ఇచ్చేవాళ్ళ చెయ్యి ఒక్క క్షణం ఆగేది. నేను పక్కనే కూర్చుని ఆ ఆగిన చేతుల్ని చాలాసార్లు చూశాను. అప్పుడు అవ్వ ఆ భరిణె లాక్కుని, తానే చిన్నవ్వకు బొట్టు పెట్టి, పెట్టిన వేలు అందరికీ కనిపించేట్టు కాసేపు పైకెత్తి ఉంచేది. చిన్నవ్వ తలొంచుకునే ఉండేది.

ఆమెకు కోపం ఒక్క సముద్రం మీదే. తొంభైల్లో మద్రాసులో మా మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు ఇంటిల్లిపాదీ సాయంత్రం బీచికి బయల్దేరాం. చిన్నవ్వ వ్యాను దిగలేదు. "దిగు చిన్నవ్వా, అలలు చూద్దువు" అని చెయ్యి పట్టుకుని లాగాను. "నువ్వు పో పాపా. దాని మొగం నేను సూడను" అంది. మేం తిరిగొచ్చేసరికి సీట్లో అటు తిరిగి, ఎదురుగా ఉన్న మేడ గోడను చూస్తూ కూర్చుని ఉంది.

నేను చదువు ముగించి, అప్పుడప్పుడే ఊరంతా లేస్తున్న సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకదాంట్లో చేరిన రెండో ఏడో మూడో ఏడో, ఒక బ్యాంకు పని మీద నన్ను కొన్ని నెలలు మనీలా వెళ్ళమన్నారు. ఆ ఊరెక్కడుందో నాయనకు చూపిద్దామని తమ్ముడి బడి అట్లాసు తెచ్చి భోజనాల దగ్గర పరిచాను. చిన్నవ్వ మజ్జిగ వడ్డిస్తూ వంగి చూసింది.

"పాపా, ఈడికి పలావు ఎంత దూరముండాది?"

అందరం గతుక్కుమన్నాం. అట్లాసులో వేలు పెట్టి వెతికితే, మనీలాకు ఆగ్నేయాన, ఖాళీ నీలంలో, ఈగ వాలినంత చుక్క కనిపించింది. "విమానంలో కొంచెం దూరమే చిన్నవ్వా" అన్నాను. ఆమె గిన్నె కింద పెట్టింది.

"అట్లయితే నన్ను తోడు తీస్కపోతావా?"

నాయన ఒప్పుకోలేదు. ఆ వయసులో విమానాలేంటని, తిండీ నీళ్ళూ పడవని, పోయినా తెలిసేదేముందని రోజూ ఏదో ఒకటి చెప్పేవాడు. చిన్నవ్వ వాదించలేదు. ఆమె బదులు అవ్వ వాదించింది. "ఆమె మన ఇంటికొచ్చినప్పట్నుంచి ఒగటన్నా అడిగిందేమప్పా? పంపీ. నేనుండగానే ఇది తేలిపోవల్ల" అని ఒకరోజు కంచం ముందు నుంచి లేచిపోయింది. దాంతో నాయన దిగొచ్చాడు.

నా పని ముగిసే నెలలో చిన్నవ్వను ఒక బంధువు మనీలా దాకా తీసుకొచ్చి దించాడు. అక్కణ్ణుంచి మేమిద్దరమే. పలావులో అన్నిటికన్నా పెద్ద ఊరే మన తాలూకా కేంద్రంలో సగం ఉంటుంది. అక్కడ పడవల్లో యాత్రికుల్ని తిప్పే ఇసావో అనే ఆయనను మాట్లాడుకున్నాను. పేరు జపానుది, మనిషి ఆ దేశస్థుడే. యుద్ధానికి ముందు ఆ దీవుల్ని జపాను ఏలిందట, అందుకే ఆయన వయసువాళ్ళకు అక్కడ అటువంటి పేర్లు మామూలట. ఏమేం చూస్తారని అడిగి, పుట్టగొడుగుల్లా నీళ్ళ మీద లేచిన పచ్చటి దీవులు, కుట్టని జెల్లీ చేపలున్న మడుగు, యుద్ధంలో మునిగిన ఓడలు అని చెప్పుకుపోతుంటే, ఆపి మా సంగతి చెప్పాను. ఆయన చేతిలోని తాడు కింద పెట్టి చిన్నవ్వను చూశాడు. "ఉత్తరాన ఆ దిబ్బ మీద మా పెద్దమ్మ మరియా ఉంది. అప్పుడామె చిన్నపిల్ల. అడుగుదాం" అన్నాడు.

మర్నాడు పొద్దున బయల్దేరాం. పడవ ఎక్కిన దగ్గర్నుంచీ చిన్నవ్వ కొంగు తల మీదుగా కప్పుకుని పడవ అడుగు చెక్కల్నే చూస్తూ కూర్చుంది. బయటి సముద్రం మోటుగా ఉంది. అలలు పడవను ఎత్తి కుదేస్తుంటే నాకే భయమేసి ఆమె మోకాలు పట్టుకున్నాను. ఆమె కదల్లేదు. ఎంతసేపటికో ఇసావో పగడపు దిబ్బలో ఉన్న సందు వెతికి పడవను అందులోకి తిప్పాడు. ఒక్కసారిగా కుదుపు ఆగిపోయింది. గాలి ఉంది, అల లేదు. ఇంజను తగ్గించేసరికి పక్షుల అరుపులు వినిపించాయి. ఆ నిశ్శబ్దానికి ఏమైందోనని చిన్నవ్వ తలెత్తింది.

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడవ నీడ కింద ఇసుక మీద మాతోపాటు నడుస్తోంది. దగ్గర్లో దాదాపు తెలుపు, కొంచెం దూరంలో లేత పచ్చ, ఆ పైన నీలం, దిబ్బ అంచున నలుపుకు తిరిగిన నీలం. వాటి మీద ఎగురుతున్న తెల్ల పక్షుల పొట్టలు కూడా నీళ్ళ రంగుకు పచ్చగా మెరుస్తున్నాయి. చిన్నవ్వ చాలాసేపు అటూ ఇటూ చూసి, నూలు కట్టల ముందు కూర్చున్నప్పటి గొంతుతో మెల్లగా మొదలుపెట్టింది. "అది చిలకాకుపచ్చ. అది నెమిలిపింఛం. అదిగో, ఆడ ఆనంద." దిబ్బ అంచు వైపు చెయ్యి చూపించి, "దానికి మన దగ్గర పేరు లేదు పాపా" అంది.

ఇసావో పడవను ఒకచోట ఆపి కిందికి చూడమన్నాడు. నిలువెత్తు లోతులో జపాను విమానం ఒకటి, రెక్కలు చాచుకుని ఇసుక మీద పడుకుని ఉంది. దాని కిటికీల్లోంచి పసుపు చారల చేపలు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. పడవ దిగి ఒడ్డెక్కితే, మొగలి పొదల్లో తుప్పు పట్టిన ఫిరంగి సముద్రం వైపు గొట్టం పెట్టి ఉంది. దాని మీద ఎవరో చేపల వల ఆరేసుకున్నారు. చిన్నవ్వ ఆ ఫిరంగిని చూసి, "ఇంత మంచి సోటికి ఇది యాల తెస్తిరో" అని ముందుకు నడిచింది.

మరియా ఇల్లు రేకుల కప్పు చిన్న ఇల్లు. ఆమె కూడా చిన్నవ్వలాగే బక్కమనిషి. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, పక్కనున్న బుట్ట తెరిచింది. అందులో పచ్చి వక్కలు, ఆకులు, సున్నం. మనీలాలోనే వక్కాకు అయిపోయి, నాలుగు రోజులుగా నోరు కట్టుకుని ఉన్న చిన్నవ్వ మొహం విచ్చుకుంది. "ఏమప్పా, ఈళ్ళూ మన మాదిరే!" అంది. ఇద్దరు ముసలమ్మలూ ఎవరి పద్ధతిలో వాళ్ళు చుట్టుకుని, ఒకరి చుట్ట ఒకరికిచ్చి, నోరు ఎర్రబడేదాకా మాటల్లేకుండా నమిలారు. అప్పుడు గాని ఇసావో అడగాల్సింది అడగలేదు. మరియా తన భాషలో చెప్పింది, ఇసావో ఇంగ్లీషులో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను.

ఖైదీలు వచ్చారు, నిజమే. పొడుగ్గా, చిక్కిపోయి ఉండేవారు. ఒడ్డున పెద్ద పెద్ద పెనాల్లో ఉప్పు కాచేవారు. వాళ్ళకు తిండి సరిగ్గా పెట్టేవారు కాదు. మరియా వాళ్ళమ్మ బావి దగ్గర ఆకు కింద ఉడికించిన చేమగడ్డలు దాచిపెట్టేది. జపాను సిపాయిలు చూస్తే కొడతారని పిల్లల్ని కాపలా పెట్టేది. కొందరు జ్వరాలొచ్చి పోయారు. వాళ్ళను ఊరివాళ్ళే మొగలి చెట్ల వెనక పాతిపెట్టారు. మిగిలినవాళ్ళను చివర్లో పడవలో పెద్ద దీవికి పంపారు. జపానుతో పోరాడుతున్నవాళ్ళ విమానాలు ఆ పడవ మీద బాంబులు వేశాయి. అందులోంచి ఎవరూ ఒడ్డుకు చేరలేదు.

ఆఖరి ముక్క దగ్గర నేను తెలుగులో చెప్పడం ఆపి, ఇసావో వైపు తిరిగాను. నా మొహం చూసి చిన్నవ్వ, "సెప్పు పాపా, ఉన్నది ఉన్నట్లు సెప్పు. దానికే కదా వచ్చింది" అంది. చెప్పాను. ఆమె ఏడవలేదు. చేతిలోని ఆకును మడిచి విప్పి, విప్పి మడిచి, చివరికి ఒక్కటే అడిగింది.

"వాళ్ళు ఎప్పుడన్నా నవ్వుతాండ్రా? అడుగు."

ఇసావో ఆ ప్రశ్న రెండుసార్లు అడిగించుకున్నాడు. మరియా తన పాదాలు చూపిస్తూ ఏదో చెప్పి తానే నవ్వింది. సాయంత్రం పని వదిలాక వాళ్ళు లోపలి నీళ్ళలో స్నానానికి దిగేవారట. చిన్న చిన్న చేపలు వచ్చి కాళ్ళు కొరికితే చక్కిలిగింతలు పుట్టి, చిన్నపిల్లల్లా కేకలు పెట్టి నవ్వేవారట. ఒడ్డున పిల్లలు కూడా వాళ్ళను చూసి నవ్వేవారట.

మొగలి చెట్ల వెనక గుర్తులేమీ లేవు. శుభ్రంగా ఊడ్చిన ఇసుక, చుట్టూ పేర్చిన పగడపు రాళ్ళు, అంతే. అక్కడ ఎవరూ ఇల్లు కట్టుకోరని ఇసావో చెప్పాడు. చిన్నవ్వ ఆ రాళ్ళ బయటే నిలబడి, ఒక్కసారి నేలకు దండం పెట్టి, తిన్నగా నీళ్ళ వైపు నడిచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మోకాలిలోతు దాకా వెళ్ళి కదలకుండా నిలబడింది. కాసేపటికి సూదుల్లాంటి చేపలు చుట్టూ చేరాయి. ఆమె ఉలిక్కిపడి, ఒక కాలు ఎత్తి, తర్వాత ఇంకో కాలు ఎత్తి, ఉన్నట్టుండి నవ్వింది. చిన్నవ్వ అంత గట్టిగా నవ్వడం నేనెన్నడూ వినలేదు. ఆ నవ్వులోనే కళ్ళ నీళ్ళు కారిపోయాయి. ఆ ఉప్పునీళ్ళతోనే మొహం కడుక్కుంది. ఒడ్డుకొచ్చి ఇసుకలో కూర్చుని, బొడ్డు సంచిలోంచి కుంకుమ డబ్బీ తీసింది. అద్దం లేకుండానే, రోజూ పెట్టుకునేంత నిదానంగా పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ మీ అవ్వ పోట్లాడి పెట్టిస్తే పెట్టుకుంటి. ఇప్పుడు నాకిష్టమై పెట్టుకుంటాండా" అంది.

ఇప్పటి పిల్లలకు ఆ నీళ్ళు వేలితో జరిపితే కనిపిస్తాయి. ఏ ఋతువులో వెళ్ళాలో, ఏ గదిలోంచి సూర్యాస్తమయం బాగుంటుందో వెళ్ళకముందే తెలుసు. నేను దాన్ని తప్పుపట్టను. ఆ దీవి ఉన్నది చూసి సంతోషించడానికే. ఒక్కటి మాత్రం తోస్తుంది. మా ఇంట్లో ఆ దీవుల పేరు అన్నం గిన్నెలో, పేరంటంలో ఆగిపోయిన చేతిలో ఎంతో కాలం ఉంది. దాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు, మరిచిపోయినవాళ్ళూ లేరు. ఇప్పుడు చూసినవాళ్ళు ఎందరో. కాటన్‌పేట ఇల్లు అమ్ముడుపోయి అక్కడ నాలుగంతస్తుల లాడ్జి లేచింది. అవ్వలిద్దరూ వెళ్ళిపోయారు.

అప్పట్లో మేం పలావు నుంచి తిరిగొచ్చిన వారానికి నాయన మా పురోహితుణ్ణి పిలిపించాడు. సంగతి తేలింది కాబట్టి దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలని, ఆపైన శ్రీరంగపట్నంలో కావేరి ఒడ్డున నీళ్ళు వదలాలని ఆయన చెప్పాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "ఆపైన చిన్నమ్మగారికి చేయవలసినవి కొన్ని..." అన్నాడు. నాయన తల దించుకున్నాడు. అవ్వ గుమ్మంలోంచే అందుకుంది.

"ఆమెకు చేసేది ఏం మిగల్లేదు సామీ. చేసేదంతా ఏండ్ల కిందనే మనమే చేసేసినాం."

అప్పుడు చిన్నవ్వ మాట్లాడింది. మగవాళ్ళు కూర్చున్న చోట ఆమె మాట్లాడగా నేను విన్నది అదే మొదలు. "సామీ, ఆడ పడుకున్నోళ్ళలో మా ఆయన ఎవరో నాకు తెలీదు. నీళ్ళలో పోయినోళ్ళలో ఉండాడో ఏమో అదీ తెలీదు. ఒగరికి నీళ్ళిడిస్తే తక్కినోళ్ళు సూస్తా కూచోవల్లనా? అందరికీ ఇడవండి."

"అందరి పేర్లూ గోత్రాలూ తెలియవు కదమ్మా. వాళ్ళలో సాయిబులుంటారు, సర్దార్లుంటారు."

"ఉండనీండి. బాయికాడ గడ్డలు పెట్టిన తల్లి ఎవుని గోత్రమేందని అడగలే."

చివరికి పురోహితుడు, పేరు గోత్రం తెలియనివాళ్ళకు కూడా శాస్త్రంలో దారి ఉందన్నాడు.

శ్రీరంగపట్నంలో ఆ రోజు ఎండ ఇంకా ముదరలేదు. నాయన నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాడు. ముందు పినతండ్రి పేరు చెప్పి వదిలాడు. ఆ తర్వాత పేర్లు లేవు. పురోహితుడు మంత్రం చెప్పడం, నాయన దోసిట్లోంచి నువ్వులూ నీళ్ళూ జారడం, మళ్ళీ మంత్రం, మళ్ళీ దోసిలి. అవ్వలిద్దరూ పై మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. నేను వాళ్ళ వెనక నిలబడ్డాను. నాయన దోసిలికీ దోసిలికీ మధ్య చేతులు దించుకోవడం మొదలుపెట్టాక పురోహితుడు ఆగి మెట్ల వైపు తిరిగాడు.

"ఇంకా ఎంతమందమ్మా?"

"లెక్క తెలీదు సామీ" అంది చిన్నవ్వ. "నువ్వులు అయిపోయేదాంకా ఇడవనీండి."

ఆయన పొట్లం విప్పి చూశాడు. సగానికి పైగానే ఉన్నాయి. నాయన ఇంకో అడుగు లోపలికి వేసి, మళ్ళీ దోసిలి పట్టాడు.